తుపాను జాడ: దివిసీమ నుంచి హుద్‌హుద్ దాకా

1977 నవంబరు 14న ఆగ్నేయ బంగాళాఖాతంలో ఒక వాయుగుండం ఏర్పడింది. మర్నాటికి తుపానైంది. 19వ తేదీ శనివారం సాయంత్రం చీరాల దగ్గర తీరం దాటి, దివిసీమను ఉప్పెనలో ముంచింది. అధికారిక లెక్కల్లోనే పది వేల మంది చనిపోయారు. అంతకంటే చాలా ఎక్కువ మందే పోయారని ఆ ప్రాంతం వాళ్లు నేటికీ అంటారు. ఈ తుపాను ఎవరి కంటా పడకుండా వచ్చిందనుకుంటే పొరపాటు. పుట్టిన రోజు నుంచీ వాతావరణ శాఖ పటం మీద దాని జాడ ఉంది. సముద్రంలో దాన్ని చూసినవాళ్లున్నారు, రేడియోలో హెచ్చరికలు చదివినవాళ్లున్నారు. అయినా అన్ని ప్రాణాలు పోయాయి. తుపాను జాడ తీయడంలో ఆంధ్ర తీరం నేర్చుకున్న పాఠాలన్నీ ఆ ఐదు రోజుల్లోనే ఉన్నాయి.

జాడ తీయడం ఒక్క పని కాదు, నాలుగు పనులు. తుపాను ఎక్కడుందో చూడాలి. ఎంత బలంగా ఉందో అంచనా కట్టాలి. ఎటు పోతుందో చెప్పాలి. ఆ మాటను తీరంలోని ఆఖరి గుడిసె దాకా చేర్చాలి. 1977లో మొదటి పని చాలావరకు జరిగింది. రెండోది అరకొరగా జరిగింది. మూడోదానికి వ్యవధి చాలలేదు. నాలుగోది దివిసీమలో జరగలేదు.

ముందు దాని దారి సంగతి. బంగాళాఖాతంలో పుట్టే తుపాను తనంతట తాను నడవదు. పై ఎత్తుల్లో వీచే విస్తారమైన గాలులు దాన్ని మోసుకుపోతాయి. దాని ఉత్తరాన అధిక పీడనం ఒక గట్టులా పరుచుకుని ఉంటుంది. ఆ గట్టుకు దక్షిణాన ఉన్నంతసేపూ తూర్పుగాలులు దాన్ని పడమటికి, తమిళనాడు వైపు తోస్తాయి. గట్టు ఎక్కడైనా తెగితే, లేదా తుపాను దాని పడమటి కొసకు చేరితే, అది ఉత్తరానికి మళ్లుతుంది. కార్తీక మాసపు తుపాన్లు మద్రాసుకు వెళ్తాయనుకుంటే బందరు (మచిలీపట్నం) మీద పడేది ఇందుకే. సరిగ్గా వారం ముందు, నవంబరు 12న, మరో తుపాను నాగపట్నం దగ్గర తీరం దాటి తమిళనాడులో వందల మందిని బలి తీసుకుంది. రెండోది కూడా మొదట పడమరగా, వాయవ్యంగా నడిచింది. 17వ తేదీ నాటికి ఉత్తరానికి మళ్లడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి తీరానికి రెండు రోజుల దారి. ఆ రోజుల్లో మలుపును ముందే లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు మన దగ్గర లేవు. తుపాను మళ్లాకే మళ్లిందని తెలిసేది.

దాన్ని చూసిన కళ్లలో పాతవి ఓడలు. ఓడ మీద గాలి వేగం, వాయుపీడనం కొలిచి వైర్‌లెస్‌లో ఒడ్డుకు పంపేవారు. తుపాను కబురు వింటే ఏ కెప్టెనైనా ఓడను పక్కకు మళ్లిస్తాడు. అందుకే హెచ్చరికలు మెరుగుపడేకొద్దీ తుపాను నడిబొడ్డు నుంచి వచ్చే కొలతలు తగ్గిపోయాయి. ఓడలు తప్పించుకున్నకొద్దీ పటం మీద మధ్యభాగం ఖాళీగా మిగిలింది. 1977లో మాత్రం జగత్‌స్వామి అనే ఓడ తుపానులో చిక్కుకుంది. నవంబరు 17న దాని కేంద్రం చెంతకు చేరి, గంటకు 190 కిలోమీటర్ల పైచిలుకు గాలిని నమోదు చేసింది. ఆ తుపాను ఎంత భయంకరమైనదో చెప్పిన సూటి సాక్ష్యం అది. తీరం దాటడానికి అప్పటికి రెండు రోజుల వ్యవధి ఉంది.

రెండో కన్ను ఉపగ్రహం. 1960 ఏప్రిల్ 1న అమెరికా ప్రయోగించిన టైరోస్-1తో మేఘాలను పైనుంచి చూడటం మొదలైంది. 1977లో మన వాతావరణ శాఖకు అందినవి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల చిత్రాలే. అవి మన నెత్తిమీదుగా పోయేటప్పుడు మాత్రమే బొమ్మ దొరుకుతుంది. రెండు బొమ్మల మధ్య గంటలకు గంటలు చీకటే. మూడో కన్ను రాడారు. దేశంలో తుపాన్లను పసిగట్టే మొదటి రాడారును 1970లో విశాఖపట్నంలో పెట్టారు. 1973లో మద్రాసుకు వచ్చింది. రాడారు చూపు నాలుగు వందల కిలోమీటర్ల దాకానే. తుపాను తీరానికి ఒక రోజు దూరంలోకి వస్తేగాని తెరమీద దాని సుడులు కనబడవు. పైగా దివిసీమ ఈ రెండు రాడార్లకూ దూరంగా, నడిమధ్యన ఉంది. మచిలీపట్నానికి సొంత రాడారు 1980లలో, ఈ విపత్తు తర్వాతే వచ్చింది.

ఇప్పుడు ఉప్పెన. దివిసీమలో మనుషులను చంపింది గాలి కంటే నీళ్లే. ఉత్తరార్ధ గోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. పడమరగా మన తీరంవైపు వస్తున్న తుపానుకు కుడిపక్కన ఈ గాలులు సముద్రం నుంచి నేలమీదికి వీస్తాయి, ఎడమపక్కన నేల నుంచి సముద్రంలోకి. కేంద్రం చీరాల దగ్గర నేల తాకితే, దాని కుడిపక్కన, గాలి అత్యంత బలంగా ఉండే చోట, దివిసీమ పడింది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి సముద్రంలో కలిసేలోపు ఆ పాయల మధ్య మిగిలిన నేల అది. సముద్రమట్టం కంటే ఎత్తు ఏమంత లేదు. ముందున్న సముద్రం చాలా దూరం లోతులేనిది. గాలి తోసుకొచ్చిన నీటికి కిందికి జారే చోటు లేక పైకి లేచింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున, తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్ల లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, హంసలదీవి వంటి ఊళ్లలో తాటిచెట్టు ఎక్కినవాళ్లు, గట్టి డాబాల మీదికి చేరినవాళ్లు మిగిలారు.

ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో, ఏ ఊరిదాకా వస్తుందో ముందే లెక్కగట్టి చెప్పే ఏర్పాటు అప్పట్లో లేదు. రేడియో హెచ్చరికల్లో ఈదురుగాలులు, భారీ వర్షాలు, చేపల వేటకు వెళ్లవద్దన్న మాటలు ఉండేవి. గాలివాన తీరం వాళ్లకు కొత్త కాదు. తలుపులు బిగించి ఇంట్లో ఉంటే చాలనుకున్నారు. రేవుల్లో సంకేతాలు ఎగరేశారు. పగలు శంకువులు, పీపాల ఆకారాలు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉంది. మూడో నంబరు అంటే రేవుకు ఈదురుగాలుల ముప్పు ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు అతి ప్రమాదానికి గుర్తు. తుపాను రేవుకు ఏ పక్కగా పోతుందో దాన్ని బట్టి ఎనిమిదో తొమ్మిదో, రేవు మీదుగానో దాని చెంతనో దాటితే పదో ఎగరేస్తారు. పదకొండో నంబరు ఒకటుంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఈ పద్ధతి ఓడల కోసం పుట్టింది. ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న మాట చిత్తూరు జిల్లా పడమటి కొసన, సముద్రమే చూడని రామకుప్పం వాళ్లకు కూడా రేడియో వల్ల తెలుసు. పొలంలో గుడిసె వేసుకున్న కూలీ ఎక్కడికి పోవాలో మాత్రం ఆ నంబరు చెప్పదు. ఆ రాత్రి అవనిగడ్డ వైపు తీగలు తెగాయి, రోడ్లు మునిగాయి. ఎంత నష్టం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది.

తుపానుల శాస్త్రానికి ఇలాంటి ప్రేరణ పాతదే. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారు. అంతకు నెల ముందే కలకత్తాలో అలాంటిదే జరిగింది. ఆ రెండు దెబ్బలూ, వాటి తర్వాతి కరవులూ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడటానికి దారితీశాయి. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి తొలి అధిపతి. అదే 1875 సెప్టెంబరులో, భూమికి అవతలి వైపున, కరీబియన్ సముద్రంలోని క్యూబా దీవిలో బెనిటో విన్యేస్ అనే క్రైస్తవ మతగురువు హవానా పత్రికల్లో ఒక హరికేన్ (అక్కడి తుపాను) హెచ్చరిక ప్రచురించాడు. బెలెన్ కళాశాల వేధశాలలో కూర్చుని, ఎత్తున పింజల్లా విచ్చుకునే తెల్లమబ్బులు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో చూసి హరికేన్ ఏ దిక్కున ఉందో లెక్కగట్టేవాడు. రెండు రోజుల తర్వాత ఆ హరికేన్ నిజంగానే వచ్చింది. ఆ వైపు సముద్రాల్లో తర్వాత విమానాలు వచ్చాయి. 1943 జూలైలో జోసెఫ్ డక్‌వర్త్ అనే అమెరికా సైనికాధికారి టెక్సాస్ తీరంలో హరికేన్ కంట్లోకి విమానం నడిపాడు. ఇప్పటికీ కరీబియన్ దీవుల వైపు హరికేన్ వస్తోందంటే విమానాలు దాన్ని చీల్చుకుంటూ పోయి పీడనం కొలిచి వస్తాయి. బంగాళాఖాతానికి అలాంటి నిత్య ఏర్పాటు లేదు. ఇక్కడ బలాన్ని మేఘాల బొమ్మ చూసే పట్టుకోవాలి.

ఆ విద్యను 1970లలో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ రూపొందించాడు. పారదర్శకమైన కాగితం మీద గీసిన ఒక సర్పిలాన్ని ఉపగ్రహ చిత్రం మీద పెడతారు. మేఘాల పట్టీ కేంద్రం చుట్టూ ఎంతవరకు చుట్టుకుందో ఆ గీత వెంట కొలుస్తారు. పావువంతే చుట్టిందంటే బలహీనం. నిండుగా చుట్టి మధ్యలో కన్ను తెరుచుకుంటే బలం బాగా ఉంది. కంటి లోపలి వెచ్చదనానికీ చుట్టూ ఉన్న మేఘాల శిఖరాల చల్లదనానికీ తేడా ఎంత పెరిగితే అంత ప్రమాదం. ఈ కొలతలన్నిటికీ కలిపి ఒకటి నుంచి ఎనిమిది దాకా, అరలెక్కన పెరిగే ఒక అంకె వేస్తారు. దాన్ని టీ-నంబరు అంటారు. రెండున్నర వస్తే తుపాను, అంటే గంటకు 65 కిలోమీటర్ల గాలి. ఆరున్నర అంటే 235 కిలోమీటర్లు. ఓడ లేకుండా, విమానం లేకుండా నడిసముద్రంలోని గాలిని గదిలో కూర్చుని కొలిచే ఈ పద్ధతి బంగాళాఖాతానికి వరమైంది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి కక్ష్యలోకి వెళ్లాక మన సముద్రం మీద ఒకేచోట నిలబడి చూసే కన్ను దొరికింది. బొమ్మకూ బొమ్మకూ మధ్య చీకటి తగ్గిపోయింది.

ఇన్సాట్ మరో పని కూడా చేసింది, బహుశా అదే పెద్ద పని. తీర జిల్లాల కార్యాలయాల్లో, రేవుల్లో చిన్న రిసీవర్లు పెట్టారు. హెచ్చరిక కేంద్రం ఏ జిల్లాకు కావాలంటే ఆ జిల్లా రిసీవర్లనే ఉపగ్రహం ద్వారా మేల్కొలపగలదు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత ఆ ప్రాంతపు భాషలో హెచ్చరిక వినిపిస్తుంది. టెలిఫోన్ తీగ తెగినా ఇది ఆగదు. పదకొండో నంబరు సంకేతం ఏ భయంతో పుట్టిందో ఆ భయానికి ఇది జవాబు.

దానికి పరీక్ష 1990 మేలో వచ్చింది. మే 4న వాయుగుండంగా మొదలైన తుపాను సముద్రంలో ఉండగానే టీ-నంబరు ఆరున్నరకు పెరిగింది. కేంద్రంలో పీడనం 920 మిల్లీబార్లకు పడిపోయింది. బలంలో అది 1977 నాటి తుపానుకు ఏమాత్రం తీసిపోదు. మే 9 సాయంత్రం మచిలీపట్నానికి నైరుతిలో, కృష్ణ ముఖద్వారం దగ్గర, అంటే దాదాపు అదే దివిసీమ మీద, తీరం దాటింది. ఆలోగా దాదాపు ఆరున్నర లక్షల మందిని లోపలి ఊళ్లకు తరలించారు. మృతులు 967 మంది. వెయ్యి ప్రాణాలు చిన్న సంఖ్య కాదు. కానీ అంతే బలమైన తుపాను, అదే తీరం, మధ్యలో పన్నెండున్నర ఏళ్లు మాత్రమే. ఈ తేడా తెచ్చింది గాలి కాదు, ముందస్తు కబురూ, ఆ కబురు విని జనాన్ని కదిలించిన యంత్రాంగమూ. ఆంధ్ర తీర చరిత్రలో ఇంత స్పష్టమైన ఫలితం ఇంకొకటి లేదు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను మళ్లీ లోపాన్ని బయటపెట్టింది. చిన్న తుపాను, త్వరగా ముదిరింది. చూడటానికి వ్యవధి లేదు, చెప్పడానికి అంతకన్నా లేదు. కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలాయి. దాదాపు వెయ్యి మంది చనిపోతే, అంతకుమించి గల్లంతయ్యారు. గల్లంతైనవారిలో ఎక్కువమంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో మగవాళ్లు తిరిగిరాని ఇళ్లు వరసగా మిగిలాయి. ఒడ్డున సైరన్ మోగినా నడిసముద్రంలోని పడవకు వినపడదు. నాలుగో పని అంటే ఆఖరి గుడిసె దాకానే కాదు, ఆఖరి పడవ దాకా అని అప్పుడు తెలిసివచ్చింది.

హుద్‌హుద్ నాటికి చిత్రం మారిపోయింది. 2014 అక్టోబరు 7న ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండం, 8 ఉదయం అండమాన్ దీవులు దాటుతూ తుపాను, 9న తీవ్ర తుపాను, 10న అతి తీవ్ర తుపాను. హుద్‌హుద్ అన్నది ఒమన్ పెట్టిన పేరు. ఉత్తరాంధ్ర మీదికి వస్తుందని రోజుల ముందే చెప్పగలిగారు. పటం మీద ఒక గీత బదులు ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే శంకువు గీశారు. అంచనాలో పొరపాటు ఎంతవరకు ఉండొచ్చో కూడా జనానికి కనబడేలా చేయడం 2009 నుంచి మొదలైన పద్ధతి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉప్పెన ఎత్తును లెక్కగట్టింది. దగ్గరికి వచ్చాక విశాఖలోని డాప్లర్ రాడారు కన్నును పట్టుకుని వెంటాడింది. తుపాను నేరుగా ఆ రాడారు మీదికే వచ్చింది. 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం గంటకు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ నగరంలోనే తీరం దాటింది. ఆ దెబ్బకు రాడారు కూడా పాడైంది. కన్ను నగరం మీదుగా పోతున్నప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగింది. తుపాను పోయిందనుకుని బయటికి వచ్చినవాళ్లున్నారు. కన్ను దాటాక గాలి ఎదురుదిక్కు నుంచి అంతే బలంగా కొట్టింది. మొదటి విడతలో వంగిన చెట్లు, స్తంభాలు రెండో విడతలో కూలాయి. విమానాశ్రయం పైకప్పు చీలిపోయింది. అయినా రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద లోపే ఉంది. తుపాను అక్కడితో ఆగలేదు. దాని శేషం ఉత్తరప్రదేశ్ మీదుగా హిమాలయాలకు చేరి, 14వ తేదీన నేపాల్‌లోని అన్నపూర్ణ కొండల్లో మంచుతుపానైంది. నలభై మందికి పైగా అక్కడ చనిపోయారు.

తీరం దాటాక తుపాను ఏమవుతుందన్నది చిత్తూరు పడమటి మండలాలకు సంబంధించిన ప్రశ్న. రామకుప్పానికి సముద్రం సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరం. నేల సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తు. ఇక్కడికి ఉప్పెన రాదు, గాలి బలం కూడా చాలావరకు తగ్గే వస్తుంది. వచ్చేది వాన. కార్తీకంలో రెండు మూడు రోజుల ముసురు పట్టిందంటే నెల్లూరుకో చెన్నైకో పక్కన వాయుగుండం ఉన్నట్టే. కోతకొచ్చిన రాగి కంకులు చేలోనే మొలకెత్తేదీ, చెరువులు నిండి మరవ పారేదీ ఆ వానకే. 2020 నవంబరు 25 రాత్రి పుదుచ్చేరి పక్కన తీరం దాటిన నివర్ తుపాను నేల మీద బలహీనపడుతూ చిత్తూరు, కడప వైపు వచ్చి కుండపోతగా కురిసింది.

మరుసటి ఏడాది వచ్చినదానికి పేరు కూడా లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది ఒక మామూలు వాయుగుండం. వాయుగుండాలకు పేర్లు పెట్టరు. టీ-నంబరు లెక్కలో అది కింది మెట్లలోదే. ఆ లెక్క కొలిచేది గాలిని, వానను కాదు. తిరుపతి నీట మునిగింది. రామకుప్పం, కుప్పం ప్రాంతాల గుండా తమిళనాడుకు పోయే పాలారు వేలూరు దగ్గర ఉప్పొంగింది. మదనపల్లె మీదుగా పారే బాహుదా, దానితో కలిసే పింఛా నది రెండూ చెయ్యేరుగా మారి రాజంపేట వైపు దూకాయి. ముందు పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ ఉదయమే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. చెయ్యేటి ఒడ్డు ఊళ్లలో పదుల సంఖ్యలో జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాయుగుండం జాడ అందరికీ తెలుసు, భారీ వర్షాల హెచ్చరిక ముందే ఉంది. తీరం కోసం కట్టుకున్న సైరన్ల వంటి ఏర్పాటు, ఏ వానకు ఏ కట్ట తెగవచ్చు, తెగితే ఏ ఊరు మునుగుతుందన్న లెక్క, లోపలి జిల్లాల నదులకూ చెరువులకూ కావాలి. తుపాను హెచ్చరిక వ్యవస్థలో ఆంధ్రప్రదేశ్ ఇంకా పూర్తి చేయని భాగం అదే.